నది ఏ పక్కన ఉంది?

కొండదారిలో మొదటి ఊరు,
పోస్టాఫీసు మెట్ల మీద నుంచి,
మంగళవారం.

ఏవండీ,

కాళ్ళు రెండూ ఉన్నాయి, చక్రాలు రెండూ ఉన్నాయి. మీ వైపు లెక్క కూడా సరిగ్గానే ఉందనుకుంటాను.

నిన్న కూడలిలో మనల్ని చూసి ఆ టీకొట్టాయన ఏమనుకున్నాడో! మొగుడూ పెళ్ళాం నడిరోడ్డు మీద సంచులు విప్పుకుని ఇది నీది, ఇది నాది అని పంచుకుంటుంటే వేరుపడుతున్న అన్నదమ్ముల్లా ఉన్నాం. గుడారం మీకు, స్టవ్వు నాకు. పంపు నాకు, పంక్చరు అతుకుల డబ్బా మీకు. రాత్రి ఇక్కడ దిగాక తట్టింది. పంపు లేకుండా మీరు అతుకు వేసి ఏం చేస్తారు? అతుకు లేకుండా నేను గాలి కొట్టి ఏం చేస్తాను? కోపం మీద చేసిన పంపకాలు ఇలాగే ఏడుస్తాయి. నేను ఇక్కడ అతుకులు కొన్నాను. మీరు పంపు కొనుక్కోండి.

ఇరవై ఏళ్ళు పైబడిన కాపురం మనది. నేను జనం స్థలాలు కొలుస్తూ ఊళ్ళ వెంట, మీరు ల్యాబులో దీపం కింద పళ్ళ సెట్లు అరగదీస్తూ. ఒక రోజంతా కలిసి గడిపిన పాపాన పోలేదు. అందుకే కదా, సముద్రం దాకా సైకిళ్ళ మీద వెళ్దాం, ఒకరికొకరం ఎవరమో చూసుకుందాం అని బయల్దేరాం. చూసుకున్నాం. నెల తిరక్కముందే మన మధ్య చైనుకి వేసే నూనె తప్ప మాట్లాడుకోవడానికి మరో విషయం మిగల్లేదు.

ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను, తర్వాత నేనలా అనలేదు అనకుండా. మీరు నది దారి, నేను కొండ దారి. సముద్రం ఒడ్డు ఊళ్ళో కలుసుకుందాం. ఫోను ప్రాణం మీదికొస్తేనే. మామూలుగా చేసుకుంటే మూడో మాటకే తగువు. ఉత్తరాలు ముందరి పోస్టాఫీసుకి రాసుకుందాం, మనిషి వచ్చి అడిగేదాకా దాచి ఉంచమని. ఉత్తరానికి ఒక ప్రశ్న. దానికి సూటిగా జవాబు.

నా ప్రశ్న ఇదీ. ఇన్నాళ్ళూ నా వెనకే తొక్కారు కదా, మీకు ఏం కనిపించేది?

మీ సర్వేయరు.


నది ఒడ్డున,
పడవల రేవు పక్క గది,
గురువారం.

సర్వేయరు గారికి,

పంపు కొన్నాను. నీ దానికన్నా చిన్నది. గాలి సగం, చెమట రెట్టింపు.

వెనక నుంచి ఏం కనిపించేదని అడిగావు. నీ వీపు. మొదటి వారం ఆ దృశ్యం బాగానే ఉండేది, అబద్ధమెందుకు. ఎత్తు ఎక్కేటప్పుడు నువ్వు అంకెలు లెక్కపెడతావు, తెలుసా? పైకే. వంద దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతావు. చెమటకి చొక్కా మీద ఏదో దేశం పటంలాంటి మరక పడేది. తర్వాత్తర్వాత ఆ దేశం చిన్నదైపోయేది. చుక్కయ్యేది. ఆ తర్వాత మలుపు. నిజం చెప్పాలంటే ఈ ప్రయాణంలో నేను ఎక్కువగా చూసింది నిన్ను కాదు, నువ్వు తిరిగిపోయిన మలుపుని.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నువ్వు పైకి చేరి, నీడలో కూర్చుని, నీళ్ళు తాగి, హాయిగా సేదతీరతావు. నేను గుండె నోట్లో పెట్టుకుని చేరతాను. చేరీ చేరగానే నువ్వు లేచి ప్యాంటు దులుపుకుని "పదండి" అంటావు. అంటే రోజంతట్లో నువ్వు పదిసార్లు విశ్రాంతి తీసుకున్నావు, నేను ఒక్కసారీ తీసుకోలేదు. కూడలిలో నేను సంచి నేలకేసి కొట్టింది అందుకే. గుడారం మడత సరిగ్గా పెట్టలేదన్నందుకు కాదు.

ఇక్కడ దారి బల్లపరుపు. పొద్దున వలలు బాగుచేసే ముసలాయనతో గంటసేపు కూర్చున్నాను. ముడి వేసేటప్పుడు నాలుక బయటపెడతాడు. ఎందుకని అడిగితే, "నాలుక లోపలుంటే ముడి వదులవుతుంది" అన్నాడు. నిజమేనేమో. ల్యాబులో నేను నాలుక ఎక్కడ పెడతానో ఇంటికెళ్ళాక చూసుకోవాలి.

నా ప్రశ్న. పైన కూర్చుని, నేను వచ్చేదాకా, నువ్వు ఏం చేసేదానివి?

పళ్ళ మేస్త్రి.


కొండదారి,
రోడ్డు పనివాళ్ళ షెడ్డు,
సోమవారం.

ఏవండీ,

మలుపు సంగతి చదివి ఉత్తరం వెంటనే మడవలేకపోయాను.

జవాబు. పైకి చేరగానే సైకిలు పడుకోబెడతాను. నీళ్ళు తాగుతాను. తర్వాత కాసేపు, సూటిగా చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను, పక్కన ఎవరూ లేనందుకు సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషం ఒక అరటిపండు తినేంతసేపు. తర్వాత కిందికి చూడ్డం మొదలెడతాను. లారీ ఏదైనా పైకొస్తే దాని డ్రైవరు మొహం చూస్తాను, దారిలో చూడకూడనిది ఏదైనా చూసి వస్తున్నట్టుందా అని. మీ వెనక చక్రం బెండు వచ్చిందని తెలుసు. మీరు పక్కకి చూస్తూ తొక్కుతారనీ తెలుసు. లేచి వెనక్కి వెళ్దామా అనుకుంటాను, సగం లేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. ఆఖరికి మీ టోపీ కనిపిస్తుంది. ప్రాణం కుదుటపడుతుంది. పడీ పడగానే ఒళ్ళు మండుతుంది. ఇక్కడ నేను చస్తూ కూర్చుంటే, ఈయన ఎవరితోనో కబుర్లాడి నవ్వుకుంటూ వస్తున్నాడే అని. ఆ మంటే "పదండి" అని బయటికొచ్చేది. మీరు ఊపిరి తీసుకోలేదన్న సంగతి నాకు మీరు రాస్తేగానీ తట్టలేదు.

ఇక్కడ రోడ్డు పనివాళ్ళు షెడ్డులో ఒక మూల ఇచ్చారు. వాళ్ళ మేస్త్రి నా సైకిలు చూసి, "దీంతో కనుమ దాటతావా తల్లీ?" అన్నాడు. దాటతానన్నాను. "కింద నీకు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఉన్నారు, ఆ పక్క కింద, నది దగ్గర అన్నాను. తల ఊపి కంకర గమేళా ఎత్తుకున్నాడు. వానకి రోడ్డు అంచులు కోసుకుపోయాయి. ఎటు కోసుకుపోయాయో చూస్తే నీళ్ళు ఎటు వెళ్ళాలనుకున్నాయో తెలుస్తుంది. రోడ్డు వేసినవాళ్ళు మాత్రం వాటిని అడిగినట్టు లేరు.

నా ప్రశ్న. కోపం తెచ్చుకోకండి. దారిన పోయే ప్రతి మనిషితోనూ ఆగి మాట్లాడతారు. ఇంట్లో నాతో ఎందుకు మాట్లాడరు?

మీ సర్వేయరు.


ఇటుక బట్టీల ఊరు,
బుధవారం.

సర్వేయరు గారికి,

వంతెన దాటి ఇటుక బట్టీల ఊరు చేరాను. ఎంత బాగుందనుకున్నావు! పొద్దు వాలేసరికి బట్టీల నోళ్ళలోంచి ఎర్రటి వెలుగు రోడ్డు మీదికి పాకుతుంది. దాని మీదుగా సైకిలు పోనిస్తుంటే చక్రాలు కూడా కాలిన ఇటుక రంగులోకి మారతాయి. ఎడమచేతి వైపు నది, నీళ్ళ మీద బట్టీల నీడలు. గాలి వెనక నుంచి తోస్తోంది. తొక్కకుండానే ముందుకి పోతున్నట్టుంది.

ఇక్కడ రొట్టెలమ్మే ఒక పెద్దావిడ పరిచయమైంది. కింది పళ్ళ సెట్టు పెట్టుకోకుండా గ్లాసులో వేసి ఉంచుకుంటోంది. ఎందుకంటే ఎడమ పక్క చిగురుకి గుచ్చుకుంటోందట. నా దగ్గర చిన్న ఆకురాయి ఉంది కదా, నాలుగు రుద్దులు రుద్ది ఇచ్చాను. పెట్టుకుని ఒక ఎండు రొట్టె ముక్క కొరికి, నావైపు అనుమానంగా చూసి, ఇంకో ముక్క కొరికింది. తమాషా మనిషి. కొట్టుకి ఎవరొచ్చినా "ఎంత మోసుకొచ్చావు, ఎంత దించి పోతావు?" అని అడుగుతుంది.

నీ ప్రశ్నకి జవాబు తీరిగ్గా రాస్తాను. కొండ మీద చలి ఎలా ఉంది?

పళ్ళ మేస్త్రి.


కనుమ కింది ఊరు,
బడిగదిలో నుంచి,
శుక్రవారం.

ఏవండీ,

చలి సంగతి అడగకండి. నిన్న వడగళ్ళు పడ్డాయి. హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు విప్పడానికి వీల్లేక, కాసేపు అలాగే సైకిలుతో పాటు గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇక్కడి టీచరమ్మ సెలవులని బడిగది తాళం ఇచ్చింది. బల్లలు జరిపి నేల మీద పడుకున్నాను. నల్లబల్ల మీద ఎవరో సగం లెక్క చేసి వదిలేశారు. తెల్లారి లేచి అది పూర్తి చేస్తేగానీ బయల్దేరబుద్ధి కాలేదు.

మీ ఇటుకల ఊరు చదివాను. మళ్ళీ చదివాను. నేనూ ఆ దారినే వచ్చుంటే బావుండేదే అనిపించడం ఇదే మొదటిసారి. మీరు ఇలా రాయగలరని నాకు తెలీదు.

వెనక చక్రం బెండు తీయించారా? పాత ప్రశ్నకి జవాబు రాలేదు. కాబట్టి ఇప్పుడు మీ మీద రెండు ప్రశ్నలు.

వానలు కాస్త తెరిపిస్తే కనుమ ఎక్కుతాను. కనుమ అవతలి ఊరి పోస్టాఫీసుకి రాయండి.

మీ సర్వేయరు.


సముద్రం రేవుకి ముందరి ఊరు,
సోమవారం.

సర్వేయరు గారికి,

చక్రం సంగతి అడిగావు. చక్రం గుండ్రంగానే ఉంది.

ఈ ఊళ్ళో వీధులన్నీ నది వైపుకే దిగుతాయి. ఇళ్ళ ముందు పడవలు బోర్లించి తారు పూస్తారు, ఆ వాసన ముక్కులోంచి పోదు. నేను దిగిన వసతిగృహం యజమానురాలు ఒక పెద్దావిడ. పళ్ళ సెట్టు సరిచేసి ఇచ్చినందుకు అద్దె వద్దంది. రాత్రి భోజనాల దగ్గర ఉడకబెట్టిన గుడ్డు నా పళ్ళెంలో వేసి, "ఎంత మోసుకొచ్చావు, ఎంత దించి పోతావు?" అంది. నవ్వొచ్చింది. నది మీద తెల్లవారుజాము పొగమంచు చూస్తూ ఎడమచేతి పక్కగా ఎంత దూరమైనా తొక్కొచ్చు.

కనుమ జాగ్రత్త. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టు. నీకు నేను చెప్పాలా.

పళ్ళ మేస్త్రి.


కనుమ అవతలి ఊరు,
పోస్టాఫీసు లోపలి బల్ల,
గురువారం.

ఏవండీ,

కనుమ దాటాను. ఆ సంగతి తర్వాత.

మీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరుచుకుని కూర్చున్నాను. కొలతల మనిషిని, నా బుద్ధి ఎక్కడికి పోతుంది! వంతెన దాకా నది మీ ఎడమచేతి వైపు ఉంటుంది. వంతెన దాటాక దారి అవతలి ఒడ్డుకి మారుతుంది. అంటే నది కుడిచేతి వైపుకి రావాలి. బయల్దేరేముందు ఆ పటం రాత్రిళ్ళు కూర్చుని నకలు తీసింది నేనే. ఇటుకల ఊళ్ళో నది మీకు ఎడమ పక్కన ఉంది. రేవుకి ముందరి ఊళ్ళోనూ ఎడమ పక్కనే ఉంది. నది దారి తప్పదు. తప్పితే మనిషి తప్పాలి.

ఇంకోటి. రొట్టెలమ్మే ఆవిడకీ, వసతిగృహం ఆవిడకీ కూడా పళ్ళ సెట్లే గుచ్చుకున్నాయా? పోనీ గుచ్చుకున్నాయనుకుందాం. ఇద్దరూ వచ్చిన ప్రతివాడినీ ఎంత మోసుకొచ్చావు, ఎంత దించి పోతావు అని అడుగుతారా? రొట్టెల కొట్టులో ఆ మాట ఎవరంటారు? అది లారీలు తూచే కాటా దగ్గర మనిషి అడిగే మాట. కంకర లారీలతో నేను అలాంటి కాటాల దగ్గర ఎన్ని మధ్యాహ్నాలు నిలబడ్డానో మీకు తెలీదు. చక్రం గుండ్రంగా ఉందని రాసి మీరు అబద్ధం ఆడారో లేదో తెలీదు, నిజం చెప్పడం మాత్రం ఎగ్గొట్టారు.

ఎక్కడున్నారు? ఏమైంది?

ఈ అడగడం వెనక ఇంకో మాట ఉంది, అది రాయకుండా మిమ్మల్ని నిలదీయడం న్యాయం కాదు. ఈ అనుమానం నాకు ఇక్కడికొచ్చాక పుట్టింది కాదు. బడిగదిలో మీ ఇటుకల ఊరు రెండోసారి చదివినప్పుడే, నది ఎడమచేతి వైపు అన్న మాట దగ్గర ఆగాను. ఏదో జరిగింది అని నాకు అప్పుడే తెలుసు. పొద్దున్నే కిందికి బస్సు ఉంది. అందులో సైకిలు వేసుకుంటే మర్నాటికి మీ దారిలో ఉండేదాన్ని. బస్సు వచ్చింది, చూశాను, వెళ్ళిపోయింది. నేను కనుమ వైపు తిరిగాను. ప్రాణం మీదికొస్తే ఫోను చేస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. కనుమ ఎక్కాలనిపించింది. అంతే.

మీ జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

మీ సర్వేయరు.


నది దారి, వంతెనకి ఇవతల,
కాటా గది వెనక మంచం మీద నుంచి,
ఆదివారం.

సర్వేయరు గారికి,

పట్టేశావు. పట్టేస్తావని నాకు లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది.

నీ రెండో ఉత్తరం, పైన కూర్చుని నువ్వు సగం లేచి మళ్ళీ కూర్చునేదానివన్న ఉత్తరం, చదివి బయల్దేరాను. మనసు దాని మీదే ఉంది. దారి పక్కన లారీలు తూచే కాటా కనిపించింది. నేనూ, సైకిలూ, సామానూ కలిపి ఎంత బరువుంటామో తెలుసుకోవాలని సరదా పుట్టింది. వాన పడి ఇనప పలక తడిగా ఉంది. దాని అంచు మీద వెనక చక్రం జారింది. కాటా మీదే పడ్డాను. ఎడమ భుజం ఎముక, మెడ కిందది, విరిగింది. ప్రాణం మీదికి రాలేదు కదా, భుజం మీదికే వచ్చింది. అందుకే ఫోను చెయ్యలేదు.

కాటా చూసుకునే పెద్దావిడని లారీవాళ్ళు టన్నులమ్మ అంటారు. నేను పడగానే గదిలోంచి బయటికొచ్చి మొదట ముల్లు చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఎంత మోసుకొచ్చావు, ఎంత దించి పోతావు?" అంది. అలవాటు మాట. తర్వాత తనే ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించింది. ఈ గదిలో మంచం వేసింది. ఉత్తరాలు సిమెంటు లారీ డ్రైవరు చేర్చాడు. నావి ముందరి ఊళ్ళలో పోస్టు చేసి, నీవి నా గుర్తింపు కార్డు చూపించి తెచ్చేవాడు. "ఫొటోల్లో అందరూ ఒక్కలాగే ఉంటారండీ" అన్నాడు. ఊళ్ళు ఎలా ఉన్నాయని అతన్నే అడిగి రాశాను. అతను ఖాళీ లారీతో తిరిగొచ్చేటప్పుడు చూసింది చెప్పాడని ఇప్పుడు తెలుస్తోంది. అటు నుంచి ఇటు వస్తే నది ఎడమ పక్కే మరి!

ఎందుకు దాచానంటే, ఆ రెండు ఉత్తరాల్లో నువ్వు నన్ను ఏదో తెలుసుకోవాలని అడిగావు. దెబ్బ తగిలిందని రాస్తే దిగి వచ్చేస్తావు. మందులు, కట్లు, టైముకి తిండి. నేను నీ సామానులో ఒక సంచి అయిపోతాను. నీ ప్రశ్నలు ఆగిపోతాయి. అవి ఆగడం నాకు ఇష్టం లేకపోయింది.

తీరిగ్గా రాస్తానన్న జవాబు. ఇరవై ఏళ్ళుగా ఎంతమందికి పళ్ళు చేశానో. ఒక్కళ్ళ మొహమూ చూడలేదు. ల్యాబుకి అచ్చులే వస్తాయి, మనుషులు రారు. ఈ దవడ నవ్వేదా, తిట్టేదా అని చేతిలో పెట్టుకుని చూసేవాణ్ణి. ఆ కరువుకి దారిలో ఎవరు కనిపించినా ఆగుతాను. నీతో ఎందుకు మాట్లాడలేదంటావా? నువ్వు నాకు తెలుసుననుకున్నాను. తెలిసినదాన్ని ఎవరు అడుగుతారు? పైన కూర్చుని నువ్వు భయపడతావని నాకు కల్లో కూడా తోచలేదు. చూడు, ఎంత తెలుసో.

టన్నులమ్మ పళ్ళు మాత్రం నిజం. నేను సరిచేసిన సెట్టు నా ఎదురుగా పెట్టుకుని కొరికిన మొదటి మనిషి ఆవిడే.

ఇక ఒక మాట అనాలి. తెలిసి కూడా వెళ్ళావా? ఆ వాక్యం దగ్గర ఉత్తరం కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాను. టన్నులమ్మ "ఏమైందబ్బాయ్?" అంటే ఏమీ లేదన్నాను. సాయంత్రం దాకా కోపంగానే ఉన్నాను. చీకటి పడ్డాక కోపం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

పైన ఎలా ఉంది?

పళ్ళ మేస్త్రి.


కనుమ అవతలి ఊరు,
మంగళవారం.

ఏవండీ,

కోపం రావడమే నయం. వద్దు, నేనేమీ అనుకోలేదు అని మీరు రాసుంటే నాకు భయం వేసేది.

పైన ఏమీ లేదు. ఎత్తు రాసిన రాయి, పశువుల కోసం ఒక నీళ్ళ తొట్టి, విరిగిన కంచె. గాలికి నిలబడ్డం కష్టం. తొట్టి చాటున కూర్చున్నాను. ఆ రోజు నేను ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఇంతకాలం అరటిపండుతో అయిపోయిన సంతోషం, చూద్దాం ఎంతసేపు ఉంటుందో అని కూర్చున్నాను. చాలాసేపే ఉంది. నీడ తొట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్ళింది. అటు లోయ, ఇటు లోయ, రెండు వైపులా నీళ్ళు ఎటు పారతాయో స్పష్టంగా కనిపిస్తోంది. చిన్నప్పుడు సర్వే పని ఎందుకు ఇష్టపడ్డానో గుర్తొచ్చింది. స్థలాల తగువులు తీర్చడానికి కాదు. ఇలా పైనుంచి చూడ్డానికి.

ఆ తర్వాత మిమ్మల్ని తలుచుకున్నాను. ముందు కాదు, ఆ తర్వాతే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను వెనక్కి రావడం లేదు. సముద్రం దాకా ఒక్కదాన్నే తొక్కుతాను. మీ మీద అలిగి కాదు, నాకు నచ్చి. మీకు టన్నులమ్మ ఉంది, కట్టు ఉంది, లారీవాళ్ళ కబుర్లున్నాయి. భుజం కాస్త కదిలాక అదే సిమెంటు లారీలో సముద్రం ఊరికి వచ్చేయండి.

కానీ ఒకటి మాత్రం క్షమించలేకపోతున్నాను. ఆ ఇటుకల ఊరి వెలుగు. నేను దాన్ని నమ్మాను. చలికి ముడుచుకుని పడుకుని, మీ చక్రాలు ఎర్రబడటం కళ్ళారా చూశాను. అది మీరు చూసింది కాదని తెలిశాక, నా దగ్గరున్నది ఏదో ఎవరో లాక్కున్నట్టుంది. మీరు చూడనిది ఇంకెప్పుడూ నాకు రాయకండి. మీరు చూసింది ఎంత చప్పగా ఉన్నా సరే.

మళ్ళీ ఇద్దరం కలిసి తొక్కుతామా అని మీరు అడగలేదు. అడుగుతారని తెలుసు. నాకు తెలీదు. ఇప్పటికి అదే సూటి జవాబు.

మీ సర్వేయరు.


సముద్రం ఒడ్డు ఊరు,
తాళ్ళ కొట్టు మేడ మీది గది,
సోమవారం.

సర్వేయరు గారికి,

చేరాను. చూసిందే రాస్తున్నాను.

సిమెంటు లారీలో కూర్చుంటే ఒళ్ళు హూనమవుతుంది. ఇటుకల ఊళ్ళో బట్టీలు ఆరిపోయి ఉన్నాయి. కుక్క ఒకటి బూడిదలో పడుకుంది. నది కుడిచేతి వైపే ఉంది, నువ్వన్నట్టే. నా సైకిలు లారీ మీద బస్తాల పైన కట్టి తెచ్చాను. వెనక చక్రం గుండ్రంగా లేదు. ఎనిమిది అంకెలా ఉంది.

నేను వచ్చేటప్పుడు టన్నులమ్మ తన అలవాటు ప్రశ్న అడగలేదు. నన్నూ సామాన్నీ కాటా మీద నిలబెట్టి, ముల్లు చూసి, "చిక్కిపోయావు" అంది. అంతే.

ఈ గది కిటికీ వీధి వైపు. సముద్రం వెనక పక్క ఉంది, ఇళ్ళ అవతల. చప్పుడు వినిపిస్తోంది. ఇంతవరకూ వెళ్ళి చూడలేదు. ఇంత దూరం ఇద్దరం చూద్దామని బయల్దేరాం కదా, ఒక్కణ్ణే చూడబుద్ధి కాక ఆగాను. కింద కొట్టువాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. రెండు వీధుల అవతల సముద్రం పెట్టుకుని గదిలో కూర్చునే మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదట.

నువ్వు రేపో ఎల్లుండో నీ దారిలో వచ్చే ఉప్పు మిల్లుల ఊరు దాటుతావని లెక్క వేశాను. అక్కడి పోస్టాఫీసుకి ఇది రాస్తున్నాను.

నీకు తెలీదన్నావు. నాకూ తెలీదు. ఒకటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. మొన్న ఆ తొట్టి చాటున నువ్వు నన్ను తలుచుకున్నప్పుడు, ఏమని తలుచుకున్నావు?

పళ్ళ మేస్త్రి.


ఉప్పు మిల్లుల ఊరు,
బస్టాండు,
గురువారం పొద్దున.

ఏవండీ,

ఇది మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మధ్యాహ్నం ఆయన తిరిగి ఇటే వస్తాడు, జవాబు ఆయన చేతికే ఇవ్వండి. నేను మోకాలు పట్టేసి ఈ పూటకి ఇక్కడే ఆగిపోయాను. కంగారేమీ లేదు, మామూలు పట్టు. దాచలేదు, చూడండి.

ఏమని తలుచుకున్నానంటే, ఈయన ఇక్కడ ఉంటే ఆ తొట్టి ఎవరు కట్టారో ఈపాటికి కనుక్కుని ఉండేవాడు అని. నాకు లోయ అంతా కనిపించింది గానీ, ఆ తొట్టి ఎవరిదో ఇప్పటికీ తెలీదు. దారి పొడుగునా ఆ సంగతి గుచ్చుతూనే ఉంది.

సముద్రం చూడకుండా గదిలో కూర్చోవడమేమిటండీ! నాకోసం ఏదీ ఆపుకోకండి, అలా ఆపుకున్నవన్నీ తర్వాత నా మీదే కోపంగా తిరిగొస్తాయి. ఈ ఉత్తరం అందగానే లేచి వెళ్ళి చూడండి. చూసి ఎలా ఉందో రాయండి. మీ కళ్ళతో ఒకసారి చదివి, తర్వాత నేను వచ్చి నా కళ్ళతో చూస్తాను.

మీ సర్వేయరు.


సముద్రం ఒడ్డు నుంచే,
గురువారం మధ్యాహ్నం.

సర్వేయరు గారికి,

వెళ్ళాను. బస్సాయన హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

సముద్రం లేదు. నిజంగానే లేదు. నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. కనుచూపు మేరా బురద. దాంట్లో పక్కకి ఒరిగిన పడవలు, తాళ్ళు, ఒక చెప్పు. వాసన బాగోలేదు. దూరంగా ఒక గీత మెరుస్తోంది, అదే సముద్రమని ఇక్కడ గుల్లలు ఏరుతున్న ఆవిడ చెప్పింది. అలల గురించి నీకు ఒక పేజీ రాయగలను, చెయ్యి దురద పెడుతోంది కూడా. రాయను.

చెప్పులు విప్పి బురదలోకి కొంత దూరం నడిచాను. చల్లగా ఉంది. కాలు తీస్తే ఆ గుంటలోకి నీళ్ళు ఎక్కడి నుంచో ఊరి వస్తున్నాయి. ఎక్కడి నుంచి వస్తాయో నువ్వయితే చెబుతావు. నాకు అర్థం కాలేదు.

నీళ్ళు ఈ సాయంత్రానికే మళ్ళీ ఒడ్డున కట్టిన గోడ దాకా వస్తాయిట. రాకపోయినా ఇక్కడ చూడ్డానికి చాలా ఉంది. మోకాలు తగ్గాకే బయల్దేరు. మెల్లిగా రా.

పళ్ళ మేస్త్రి.